లేజర్ లెక్కలో 10⁻³³ వచ్చిందా? అది తప్పు జవాబు కాదు

ప్రశ్న: నమస్తే అండీ. బీఎస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. లేజర్ల పాఠంలో ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. "632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్ 1 మిల్లీవాట్ ఇస్తోంది. ఫోటాన్ శక్తి ఎంత? సెకనుకు ఎన్ని ఫోటాన్లు? 300 కెల్విన్ దగ్గర పై స్థాయి, కింది స్థాయి జనాభా నిష్పత్తి ఎంత? ఉత్తేజిత ఉద్గారానికీ స్వచ్ఛంద ఉద్గారానికీ నిష్పత్తి ఎంత?" ఫోటాన్ శక్తి నాకు 3.14 × 10⁻²⁸ జౌల్ వచ్చింది, వెనక జవాబుల్లో 10⁻¹⁹ ఉంది. జనాభా నిష్పత్తికి కాల్‌క్యులేటర్ సున్నా చూపించింది. నా ఫ్రెండ్ చేస్తే 1.2 × 10⁻³³ వచ్చింది, ఉద్గారాల నిష్పత్తికి కూడా అచ్చం అదే అంకె. ఉత్తేజిత ఉద్గారం అంత తక్కువైతే లేజర్ అసలు ఎలా వెలుగుతుంది? అలాగే 30 సెంటీమీటర్ల గొట్టం, 99.9 శాతం, 99 శాతం అద్దాలతో థ్రెషోల్డ్ గెయిన్ ఎలా కట్టాలో చెప్పండి.

జవాబు: మీ ఫ్రెండ్ లెక్క సరిగానే ఉంది. ఫార్ములా కూడా సరైనదే. కానీ ఆ ఫార్ములా చెప్పేది వెలుగుతున్న లేజర్ గురించి కాదు. స్విచ్ వేయకుండా బల్ల మీద ఊరికే పడి ఉన్న గొట్టం గురించి, అంటే 300 కెల్విన్ వేడితో సమతాస్థితిలో ఉన్న వాయువు గురించి చెబుతుంది. పాఠ్యపుస్తకాలు ఆ షరతును ఒక్క వాక్యంలో చెప్పి దాటేసి, లెక్కలో మాత్రం "హీలియం-నియాన్ లేజర్" అని రాస్తాయి. మీ సందేహం అక్కడే పుట్టింది, పుట్టాల్సిన సందేహమే. ముందు అంకెలు సరిచేసుకుని దాని దగ్గరకు వద్దాం. మాటల అర్థం కూడా ఒకసారి చూసుకుందాం: జనాభా అంటే ఒక శక్తి స్థాయిలో ఉన్న పరమాణువుల సంఖ్య. పై స్థాయి పరమాణువు తనంతట తానే ఫోటాన్ వదిలితే స్వచ్ఛంద ఉద్గారం, ఇంకో ఫోటాన్ ప్రేరణతో వదిలితే ఉత్తేజిత ఉద్గారం.

ఫోటాన్ శక్తి అంటే ప్లాంక్ స్థిరాంకం × కాంతి వేగం ÷ తరంగదైర్ఘ్యం. పై రెండింటి లబ్ధం ఎప్పుడూ మారదు: 6.626 × 10⁻³⁴ × 2.998 × 10⁸ = 1.986 × 10⁻²⁵ జౌల్-మీటర్. దాన్ని 632.8 × 10⁻⁹ మీటర్లతో భాగిస్తే 3.14 × 10⁻¹⁹ జౌల్. మీరు నానో అనే 10⁻⁹ వేయకుండా 632.8తోనే భాగించారు. అందుకే సరిగ్గా 10⁹ రెట్లు తక్కువగా, 10⁻²⁸ వచ్చింది.

ఈ లెక్కలో తప్పు జవాబు చూస్తే చాలు, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేయొచ్చు. 10⁻²⁸ వస్తే నానో మర్చిపోయినట్టు. 10⁻³⁷ వస్తే నానో వేశారు కానీ హారానికి బ్రాకెట్ పెట్టలేదు, కాల్‌క్యులేటర్ 632.8తో భాగించి, ఆ వచ్చినదాన్ని 10⁻⁹తో గుణించింది. 3.14 × 10⁻¹⁸ వస్తే ప్లాంక్ స్థిరాంకం కొట్టేటప్పుడు "6.626 × 10" అని నొక్కి, ఆ తర్వాత మళ్లీ ఎక్స్‌ప్ మీట నొక్కి −34 వేసి ఉంటారు. పాత కేసియో కాల్‌క్యులేటర్లలో ఎక్స్‌ప్ అని రాసి ఉన్న మీటకే "ఇంటూ పది పవర్" అని అర్థం. ముందు ఇంకో పది నొక్కితే విలువ పది రెట్లవుతుంది. సహజ ఘాతానికి, అంటే ఈ-పవర్-ఎక్స్‌కి, ఆ మీట అస్సలు పనికిరాదు. ఇది తెలియక జనాభా నిష్పత్తి దగ్గర మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఇంత కష్టపడకుండా చేసే దారి ఒకటుంది. 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ శక్తి నేరుగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. కచ్చితంగా కావాలంటే 1239.84 తీసుకోండి. 1239.84 ÷ 632.8 = 1.959 ఎలక్ట్రాన్ వోల్టులు. జౌళ్లు కావాలంటే 1.602 × 10⁻¹⁹తో గుణించండి, మళ్లీ 3.14 × 10⁻¹⁹ వస్తుంది. రెండు దారుల్లోనూ చేసి సరిచూసుకోవడానికి అర నిమిషం చాలు. కంటికి కనిపించే కాంతి ఏదైనా 1.6 నుంచి 3.1 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్యే ఉంటుంది, జౌళ్లలో 2.6 × 10⁻¹⁹ నుంచి 5 × 10⁻¹⁹ వరకు. కనిపించే రంగుకి మీ జవాబు ఈ హద్దు దాటితే ముందుకు వెళ్లకుండా వెనక్కి వెళ్లి చూడండి.

సెకనుకు ఫోటాన్లు: పవర్ ÷ ఒక్క ఫోటాన్ శక్తి. 10⁻³ ÷ 3.14 × 10⁻¹⁹ = 3.19 × 10¹⁵. ఇక్కడ పెద్దగా తప్పు జరగదు, లేజర్ పల్సుల్లో పనిచేస్తే తప్ప. 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ ఒక్కో పల్సుకు 100 మిల్లీజౌళ్లు, 10 నానోసెకన్ల పాటు, సెకనుకు 10 పల్సులు ఇస్తోందనుకోండి. పల్సు ఉన్నంతసేపు పవర్ 0.1 ÷ 10⁻⁸ = 10 మెగావాట్లు. సగటు పవర్ 0.1 × 10 = 1 వాట్. రెండూ నిజమే, అడిగింది ఏది అన్నదే ప్రశ్న. ఆ తరంగదైర్ఘ్యంలో ఫోటాన్ 1.87 × 10⁻¹⁹ జౌల్ కాబట్టి పల్సుకు ఫోటాన్లు 5.4 × 10¹⁷. "పల్సుకు" అని అడిగితే పల్సు శక్తిని భాగించాలి, 10 మెగావాట్లను కాదు.

ఇక జనాభా నిష్పత్తి. బోల్ట్జ్‌మన్ సూత్రం ప్రకారం పై స్థాయి జనాభా ÷ కింది స్థాయి జనాభా = ఈ-పవర్-మైనస్ (శక్తి తేడా ÷ కేటీ). కేటీ అంటే బోల్ట్జ్‌మన్ స్థిరాంకం × కెల్విన్ ఉష్ణోగ్రత. మీరు శక్తి తేడా 1.96 అని ఎలక్ట్రాన్ వోల్టుల్లో వేసి, బోల్ట్జ్‌మన్ స్థిరాంకం 1.38 × 10⁻²³ అని జౌళ్లలో వేసి ఉంటారు. అప్పుడు ఘాతం −4.7 × 10²⁰ అవుతుంది, కాల్‌క్యులేటర్ సున్నా అనక ఇంకేమంటుంది! ఎలక్ట్రాన్ వోల్టుల్లో బోల్ట్జ్‌మన్ స్థిరాంకం 8.617 × 10⁻⁵. దాన్ని 300తో గుణిస్తే కేటీ = 0.02585 ఎలక్ట్రాన్ వోల్టులు. 1.959 ÷ 0.02585 = 75.8. ఈ-పవర్-మైనస్ 75.8 = 1.2 × 10⁻³³.

ఘాతంలో ఉన్న అంకెను మాత్రం రౌండ్ చేయకండి. గుర్తుంచుకోవడానికి తేలిక అని కేటీని 0.025 వేస్తే ఘాతం 78.4 అవుతుంది, జవాబు 9 × 10⁻³⁵కి పడిపోతుంది. హారంలో మూడు శాతం తేడా జవాబులో పదమూడు రెట్లయింది. ఫోటాన్ శక్తి లెక్కలో మూడు అంకెలు సరిపోతాయి, ఇక్కడ నాలుగు ఉంచండి.

ఇంకో మెలకువ: మామూలు సైంటిఫిక్ కాల్‌క్యులేటర్ 10⁻⁹⁹ కంటే చిన్న సంఖ్యను చూపించలేక సున్నా అంటుంది. ఉష్ణోగ్రతను 300కి బదులు 27 డిగ్రీలని వేసినా ఇదే జరుగుతుంది. అలాంటప్పుడు ఘాతాన్ని 2.3026తో భాగించండి, పది ఘాతం వచ్చేస్తుంది. 75.8 ÷ 2.3026 = 32.92. అంటే 10⁻³²·⁹², అంటే 1.2 × 10⁻³³. ఈ పద్ధతి కింద వెంటనే అవసరమవుతుంది.

ఎందుకంటే 1.2 × 10⁻³³ కూడా పూర్తి కథ కాదు. హీలియం-నియాన్‌లో కింది లేజర్ స్థాయి నియాన్ భూస్థాయి (అన్నిటికంటే కింది శక్తి స్థాయి) కాదు. 632.8 నానోమీటర్ల కాంతి 20.66 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరున్న స్థాయి నుంచి 18.70 దగ్గరున్న స్థాయికి దూకినప్పుడు వస్తుంది. భూస్థాయితో పోలిస్తే పై స్థాయి జనాభా ఎంత? 20.66 ÷ 0.02585 = 799, దాన్ని 2.3026తో భాగిస్తే 347. అంటే 10⁻³⁴⁷. ఆ సన్నని గొట్టంలో నియాన్ పరమాణువులు మొత్తం 10¹⁵, 10¹⁶ స్థాయిలో ఉంటాయి. కాబట్టి గది వేడి వల్ల పై స్థాయికే కాదు, కింది లేజర్ స్థాయికి కూడా ఒక్క పరమాణువు చేరదు. రెండు ఖాళీ గదుల జనాభా నిష్పత్తి కడుతున్నాం అన్నమాట. లెక్కగా సరే, లేజర్ గురించి అది చెప్పేదేమీ లేదు. ఇంకో వివరం కూడా పుస్తకాలు వదిలేస్తాయి: పై స్థాయికి డీజెనరసీ (ఒకే శక్తి ఉన్న స్థితుల సంఖ్య) 3, కింది స్థాయికి 5. కచ్చితంగా రాయాలంటే జవాబును 3/5తో గుణించాలి. పరీక్షలో డీజెనరసీ ఇవ్వకపోతే అవసరం లేదు.

స్విచ్ వేశాక ఆ గదులను నింపేది వేడి కాదు, విద్యుత్ డిశ్చార్జి. ఎలక్ట్రాన్లు హీలియం పరమాణువులను ఢీకొని 20.61 ఎలక్ట్రాన్ వోల్టుల మెటాస్టేబుల్ స్థాయికి లేపుతాయి. అక్కడి నుంచి కాంతి వెదజల్లి దిగే దారి వాటికి దాదాపు మూసుకుపోయి ఉంటుంది. ఈలోగా నియాన్‌ను ఢీకొంటే ఆ శక్తి నియాన్‌కు వెళ్లిపోతుంది. తక్కువపడే 0.05 ఎలక్ట్రాన్ వోల్టులను పరమాణువుల గతిశక్తి భర్తీ చేస్తుంది. గది ఉష్ణోగ్రతలో అది రెండు కేటీలకు సమానం, అంత కష్టమేమీ కాదు. కింది స్థాయిలో నియాన్ ఇరవై నానోసెకన్లు కూడా సరిగ్గా నిలవదు, కిందికి జారిపోతుంది. నిలిచే చోటు అంతకంటే కింద ఉన్న మరో స్థాయి. అది ఖాళీ కావాలంటే పరమాణువు గొట్టం గోడకు తగలాలి. ఈ గొట్టాల రంధ్రం మిల్లీమీటరు స్థాయిలో అంత సన్నగా ఉండటానికి ఇదే ముఖ్య కారణం. లావు గొట్టం వేస్తే ఎక్కువ పవర్ వస్తుందని అనిపిస్తుంది కానీ గెయిన్, అంటే గొట్టంలో కాంతి పెరిగే రేటు, పడిపోతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. రెండు నిష్పత్తులకూ ఒకే అంకె రావడం చూసి, రెండూ ఒకటే అనుకునే ప్రమాదం ఉంది. అవి వేర్వేరు. జనాభా నిష్పత్తి ఈ-పవర్-మైనస్ ఎక్స్. ఉద్గారాల నిష్పత్తి 1 ÷ (ఈ-పవర్-ఎక్స్ − 1). ఇక్కడ ఎక్స్ అంటే ఫోటాన్ శక్తి ÷ కేటీ. ఎక్స్ 75.8 అంత పెద్దదైతే ఆ మైనస్ ఒకటికి విలువే ఉండదు, రెండూ ఒకే అంకెగా కనిపిస్తాయి. ఎక్స్ చిన్నదైతే గుట్టు బయటపడుతుంది. అమోనియా మేజర్ (లేజర్ లాంటిదే, కాంతికి బదులు మైక్రోవేవ్‌లు ఇచ్చేది) పౌనఃపున్యం దాదాపు 24 గిగాహెర్ట్జ్. ఫోటాన్ శక్తి 1.59 × 10⁻²³ జౌల్, 300 కెల్విన్ దగ్గర కేటీ 4.14 × 10⁻²¹ జౌల్, ఎక్స్ = 0.00384. జనాభా నిష్పత్తి 0.996. ఉద్గారాల నిష్పత్తి 260! ఒకటి ఒకటికంటే తక్కువ, రెండోది వందల్లో.

కాబట్టి లేజర్‌కు రెండు వేర్వేరు పోటీలు ఉన్నాయి. మొదటిది, ఉత్తేజిత ఉద్గారానికీ శోషణకూ మధ్య. ఒకే ఫోటాన్ పై స్థాయి పరమాణువును తాకితే ఇంకో ఫోటాన్ పుడుతుంది, కింది స్థాయి పరమాణువును తాకితే తానే పోతుంది. ఇందులో గెలుపు జనాభాను బట్టి ఉంటుంది. పై స్థాయి జనాభా, డీజెనరసీ సరిచేసుకున్నాక, కింది స్థాయిని మించాలి. అదే పాపులేషన్ ఇన్వర్షన్. రెండోది, ఉత్తేజిత ఉద్గారానికీ స్వచ్ఛంద ఉద్గారానికీ మధ్య. ఇందులో జనాభాకు పాత్రే లేదు, ఎందుకంటే రెండు ఉద్గారాలూ పై స్థాయి నుంచే జరుగుతాయి, భాగహారంలో ఆ జనాభా కొట్టుకుపోతుంది. ఇక్కడ తేల్చేది అప్పటికే అక్కడున్న ఫోటాన్ల సంఖ్య. మోడ్ అంటే ఒక నిర్దిష్ట పౌనఃపున్యం, దిక్కు ఉన్న కాంతి అల తీరు. ఒక మోడ్‌లో ఎన్ని ఫోటాన్లు ఉంటే, ఆ మోడ్‌లోకి ఉత్తేజిత ఉద్గారం స్వచ్ఛంద ఉద్గారానికి అన్ని రెట్లు ఉంటుంది. 1 ÷ (ఈ-పవర్-ఎక్స్ − 1) అనేది ఆ వేడి దగ్గర ఒక మోడ్‌లో సగటున ఉండే ఫోటాన్ల సంఖ్యే, ఇంకేమీ కాదు. ఈ ఒక్క వాక్యం పట్టుకుంటే మీ సందేహం తీరిపోతుంది: 300 కెల్విన్ గదిలో ఎర్ర ఫోటాన్లు దాదాపు లేవు, అందుకే 10⁻³³.

వేడి పెంచి చూడండి. 3000 కెల్విన్ ఫిలమెంట్ బల్బులో ఎక్స్ 7.58, నిష్పత్తి 5.1 × 10⁻⁴. సూర్యుడి ఉపరితలం 5800 కెల్విన్ దగ్గర 0.02. రెండు ఉద్గారాలూ సమానం కావాలంటే ఈ-పవర్-ఎక్స్ రెండు కావాలి, అంటే ఎక్స్ 0.693. ఉష్ణోగ్రత = 1.959 ÷ (8.617 × 10⁻⁵ × 0.693) = 32,800 కెల్విన్. వేడి చేసి లేజర్ తయారుచేయడం కుదరదనడానికి ఇది ఒక కారణం. ఇంకా బలమైన కారణం, ఎంత వేడి చేసినా బోల్ట్జ్‌మన్ నిష్పత్తి ఒకటిని దాటదు.

ఇప్పుడు అదే లెక్క వెలుగుతున్న లేజర్‌లో. బయటికి వచ్చేది 1 మిల్లీవాట్, బయటికి వదిలే అద్దం నుంచి ఒక్క శాతమే పోతుంది. అంటే లోపల ఆ అద్దం వైపు వెళ్తున్న పవర్ 100 మిల్లీవాట్లు. కాంతి 30 సెంటీమీటర్లు వెళ్లి తిరిగి రావడానికి 0.6 ÷ 3 × 10⁸ = 2 నానోసెకన్లు. లోపల నిల్వ ఉన్న శక్తి 0.1 × 2 × 10⁻⁹ = 2 × 10⁻¹⁰ జౌల్. ఫోటాన్ శక్తితో భాగిస్తే 6.4 × 10⁸ ఫోటాన్లు. పక్కపక్క మోడ్‌ల మధ్య ఎడం కాంతి వేగం ÷ రెండింతల పొడవు, అంటే 500 మెగాహెర్ట్జ్. నియాన్ రేఖ డాప్లర్ వెడల్పు (పరమాణువుల కదలిక వల్ల పౌనఃపున్యం పరుచుకునే మేర) 1.5 గిగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. మూడు మోడ్‌లు పడతాయి. మోడ్‌కు సుమారు 2 × 10⁸ ఫోటాన్లు. ఆ మోడ్‌లోకి ఉత్తేజిత ఉద్గారం స్వచ్ఛంద ఉద్గారానికి ఇరవై కోట్ల రెట్లు! 10⁻³³ ఎక్కడ, 10⁸ ఎక్కడ. వేడితోనే మోడ్‌కు అన్ని ఫోటాన్లు నింపాలంటే 4.5 × 10¹² కెల్విన్ కావాలి. అద్దాలు చేసే పని ఇదే, ఫోటాన్లను కొద్ది మోడ్‌లలో పోగుచేయడం.

"మోడ్‌లోకి" అన్న మాట వదిలేయకండి. మిల్లీమీటరు రంధ్రం ఉన్న 30 సెంటీమీటర్ల గొట్టంలో, ఆ 1.5 గిగాహెర్ట్జ్ వెడల్పులో, అన్ని దిక్కులకూ కలిపి సుమారు 7.5 × 10⁷ మోడ్‌లు ఉంటాయి. స్వచ్ఛంద ఉద్గారం వాటన్నింటిలోకీ సమానంగా చిమ్ముతుంది. అన్ని మోడ్‌లూ కలిపి చూస్తే ఉత్తేజిత ఉద్గారం ఎనిమిది, తొమ్మిది రెట్లే ఎక్కువని తేలుతుంది. ఎవరైనా ఈ రెండు అంకెల్లో ఒకటి చెప్పినప్పుడు, అది ఒక మోడ్ గురించా, మొత్తం గురించా అని అడగండి.

ఐన్‌స్టీన్ 1916-17లో ప్రతిపాదించిన ఏ (స్వచ్ఛంద ఉద్గారానిది), బీ (ఉత్తేజిత ఉద్గారానిది) గుణకాల నిష్పత్తి అడిగితే: 8π × ప్లాంక్ స్థిరాంకం ÷ తరంగదైర్ఘ్యం ఘనం. 632.8 నానోమీటర్లకు 6.57 × 10⁻¹⁴ జౌల్-సెకను ప్రతి ఘనమీటరుకు. తరంగదైర్ఘ్యాన్ని ఘనం చేసేటప్పుడు 10⁻⁹ కూడా ఘనమై 10⁻²⁷ కావాలి. ఇంకో పుస్తకంలో ఇది 1.05 × 10⁻¹⁴ అని కనిపిస్తే కంగారుపడొద్దు, వాళ్లు శక్తి సాంద్రతను కోణీయ పౌనఃపున్యంతో నిర్వచించారు, తేడా 2π రెట్లు. ఈ ఫార్ములాలో పౌనఃపున్యం ఘనం ఉండటం చిన్న విషయం కాదు. 24 గిగాహెర్ట్జ్ నుంచి ఎర్రకాంతికి వచ్చేసరికి ఏ/బీ నిష్పత్తి 7.7 × 10¹² రెట్లు పెరుగుతుంది. అమోనియా మేజర్ 1954లోనే పనిచేసి, మొదటి లేజర్ 1960 దాకా ఆగడానికి ఇది ఒక ముఖ్య కారణం.

థ్రెషోల్డ్ గెయిన్‌కు వద్దాం. కాంతి ఒకసారి వెళ్లి వచ్చేసరికి అద్దాల దగ్గర పోయినంత, గొట్టంలో పెరగాలి. మిగతా నష్టాలు లేవనుకుంటే, గెయిన్ = సహజ లాగరిథం [1 ÷ (అద్దాల పరావర్తన గుణకాల లబ్ధం)] ÷ రెండింతల పొడవు. 0.999 × 0.99 = 0.98901. 1 ÷ 0.98901కి సహజ లాగరిథం 0.01105. దాన్ని 0.6తో భాగిస్తే మీటరుకు 0.0184. ఇక్కడ లాగ్ మీట నొక్కి పది ఆధారం లాగరిథం వేసేస్తే 0.0080 వస్తుంది, చూడటానికి అది కూడా సబబుగానే కనిపిస్తుంది కాబట్టి తప్పు పట్టుకోలేరు. ఎల్ఎన్ మీటే నొక్కండి. 99, 99.9 అని శాతాలుగా వేస్తే లాగరిథం రుణసంఖ్య అవుతుంది, దాన్ని వెంటనే గుర్తుపట్టొచ్చు. ఒక అద్దం 90 శాతానిది పెట్టి చూస్తే థ్రెషోల్డ్ మీటరుకు 0.177కి ఎగబాకుతుంది, 30 సెంటీమీటర్ల ఒక్క పాస్‌లోనే 5.3 శాతం గెయిన్ కావాలి. సాధారణంగా రెండు శాతం దగ్గర్లో ఉండే గొట్టం దాన్ని అందుకోలేదు. ప్రయోగశాలలో అద్దం మీద వేలిముద్ర పడితే లేజర్ ఆరిపోవడానికి కారణం ఈ ఒకటి, రెండు శాతాల లెక్కే.

దీనికి ఎంత ఇన్వర్షన్ కావాలో కూడా కట్టొచ్చు. ఈ రేఖకు ఉత్తేజిత ఉద్గార క్రాస్ సెక్షన్ (ఫోటాన్‌కు ఒక పరమాణువు ఎంత వైశాల్యంగా కనిపిస్తుందో) సుమారు 3.4 × 10⁻¹⁷ చదరపు మీటర్లు. 0.0184ని దానితో భాగిస్తే ఘనమీటరుకు 5.4 × 10¹⁴. అర టార్ పీడనంలో నియాన్ పరమాణువులు ఘనమీటరుకు 1.6 × 10²² ఉంటాయి. అంటే మూడు కోట్లలో ఒక్క పరమాణువు తేడా ఉంటే చాలు. "సగానికి పైగా పరమాణువులు పై స్థాయిలో ఉండాలి" అని పరీక్షల్లో రాసేవాళ్లు ఈ అంకె చూడాలి. ఆ మాట మూడు స్థాయిల రూబీకి నిజం, ఎందుకంటే అక్కడ కింది లేజర్ స్థాయి భూస్థాయే. రూబీలో క్రోమియం అయాన్లు ఘనసెంటీమీటరుకు 1.6 × 10¹⁹. అందులో సగం, 8 × 10¹⁸, పైకి లేవాలి. 694.3 నానోమీటర్ల ఫోటాన్ 2.86 × 10⁻¹⁹ జౌల్. గుణిస్తే ఘనసెంటీమీటరుకు 2.3 జౌళ్లు లేజర్ మొదలవ్వకముందే పెట్టుబడిగా పెట్టాలి. మొదటి లేజర్ తయారుచేసిన మైమన్ 1960 మేలో దాన్ని ఫ్లాష్ ల్యాంప్‌తో సాధించాడు. ఎన్‌డీ-యాగ్‌లో ఆ బాధ లేదు. కింది లేజర్ స్థాయి భూస్థాయికి 0.26 ఎలక్ట్రాన్ వోల్టుల పైన ఉంటుంది, గది వేడికి అక్కడుండేది 4 × 10⁻⁵ వంతే. ఇక్కడ బోల్ట్జ్‌మన్ లెక్క నిజంగా పనికొస్తుంది. రాడ్ వేడెక్కితే ఆ అంకె ఎలా పెరుగుతుందో 400 కెల్విన్‌తో మీరే కట్టి చూడండి.

చివరిగా, మీ కాలేజీ ల్యాబ్‌లో సెకనుకు 3.19 × 10¹⁵ ఫోటాన్లన్న జవాబును కొలిచి చూడొచ్చు. బీపీడబ్ల్యూ34 లాంటి సిలికాన్ ఫోటోడయోడ్, 9 వోల్టుల బ్యాటరీ, 1 కిలో ఓమ్ రెసిస్టర్, మల్టీమీటర్ చాలు. డయోడ్, బ్యాటరీ, రెసిస్టర్ మూడింటినీ సిరీస్‌లో కలిపి, డయోడ్ క్యాథోడ్‌ను బ్యాటరీ ప్లస్ వైపు ఉంచండి, రెసిస్టర్ మీద వోల్టేజి కొలవండి. ముందు కిరణాన్ని అడ్డగించి గది వెలుతురు రీడింగ్ రాసుకోండి, తర్వాత దాన్ని తీసివేయాలి. ప్రతి ఫోటాన్ ఒక ఎలక్ట్రాన్‌ను ఇస్తే వాట్‌కు 632.8 ÷ 1240 = 0.51 ఆంపియర్ రావాలి. సిలికాన్ డయోడ్ ఈ రంగులో సుమారు 0.4 ఇస్తుంది. కాబట్టి 1 మిల్లీవాట్‌కు 0.4 మిల్లీఆంపియర్, రెసిస్టర్ మీద 0.4 వోల్ట్. కరెంటును 1.602 × 10⁻¹⁹తో భాగిస్తే సెకనుకు 2.5 × 10¹⁵ ఎలక్ట్రాన్లు, మీ ఫోటాన్ల లెక్కలో 78 శాతం. బ్యాటరీ లేకుండా రెసిస్టర్‌తో మాత్రమే కలిపితే డయోడ్ తన వోల్టేజి దగ్గరే ఆగిపోయి రీడింగ్ తక్కువ చూపిస్తుంది. రీడింగ్ సగానికి పడితే కిరణం మొత్తం ఆ 2.65 మిల్లీమీటర్ల చదరం మీద పడుతోందో లేదో చూడండి. హీలియం-నియాన్ బదులు పాయింటర్ వాడితే తరంగదైర్ఘ్యం 650 దగ్గర ఉంటుంది, పవర్ లేబుల్ మీద రాసినదానికి సరిపోకపోవచ్చు. ఆకుపచ్చ పాయింటర్ అయితే ఈ ప్రయోగానికి వద్దు. అందులో 808 నానోమీటర్ల కాంతి 1064ని, అది 532ని పుట్టిస్తుంది, చౌక రకాల్లో ఫిల్టర్ లేక కనిపించని పరారుణం కూడా బయటికి వస్తుంది. సిలికాన్ దాన్నీ కొలిచేస్తుంది, కన్ను మాత్రం చూడలేదు, రెప్ప కూడా వేయదు. ఏ లేజర్ అయినా కిరణాన్ని కంటి ఎత్తుకు రానివ్వకుండా బల్లకు దగ్గరగా అమర్చండి, డయోడ్ ముఖం నుంచి వెనక్కి వచ్చే చుక్క ఎక్కడ పడుతోందో ముందే వెతికి, అక్కడ నల్ల కాగితం పెట్టండి.